జలపాతం తెల్లగా మాడిపోతోంది... తప్పు ఫోన్‌దేనా?

ప్రశ్న: నీళ్లు పాలధారలా రావాలని ఫోన్ ప్రో మోడ్‌లో (సెట్టింగులన్నీ మనమే పెట్టుకునేది) షట్టర్ తెరిచి ఉండే సమయం అర సెకను పెట్టి జలపాతాన్ని తీశాను. ఫొటో తెల్లకాగితంలా వచ్చింది. అక్కడే స్నేహితురాలి కెమెరాలో చక్కగా వచ్చింది. నా ఫోన్‌లో లోపం ఉందా?

జవాబు: లోపమేమీ లేదు. వెలుగు వచ్చే రంధ్రాన్ని చిన్నది చేసుకునే ఏర్పాటు చాలా ఫోన్లకు ఉండదు, అంతే. కెమెరా లెన్సులో అపర్చర్‌ను, అంటే ఆ రంధ్రాన్ని, ఎఫ్/16 దాకా కుదించవచ్చు (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). ఫోన్‌లో అది ఎఫ్/1.8 లాంటి ఒక్క అంకె దగ్గరే ఉండిపోతుంది.

లెక్క చూడండి. మబ్బు పట్టిన పగటిపూట ఎఫ్/1.8, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 50 అయితే షట్టర్ సుమారు 1/500 సెకను ఉండాలి. మీరు పెట్టింది 1/2. అంటే 250 రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి పోయింది! అదే వెలుగులో కెమెరాకు ఎఫ్/16, ఐఎస్ఓ 100 పెడితే షట్టర్ 1/12 దగ్గరికి వచ్చేస్తుంది. ఎన్‌డీ8 ఫిల్టర్ (వెలుగును 8వ వంతుకు తగ్గించే నల్లటి అద్దం) ఒక్కటి బిగిస్తే అర సెకను దాటుతుంది.

ఫోన్‌కు ఎన్‌డీ64 క్లిప్ ఫిల్టర్ తీసుకోండి. షట్టర్ 1/8కి దిగుతుంది, ఉరవడి ఉన్న నీటికి అది చాలు. అర సెకనే కావాలంటే ఎన్‌డీ256 ఉండాలి. ముందు మెయిన్ లెన్స్ ఎంచుకుని, మాన్యువల్‌లో ఫోకస్ లాక్ చేశాకే ఫిల్టర్ తగిలించండి. తగిలించాక చీకట్లో ఫోకస్ తడబడుతుంది. ఆటో మోడ్‌లో వదిలేస్తే కొన్ని ఫోన్లు ఫిల్టర్ లేని పక్క లెన్సుకు మారిపోతాయి. అప్పుడు మీ కష్టమంతా వృథా. ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్ తప్పనిసరి.

ఫిల్టర్ లేకపోతే? ఐఫోన్‌లో లైవ్ ఫొటో (కొన్ని క్షణాల కదలికను కూడా దాచుకునే ఫొటో) తీసి, తర్వాత లాంగ్ ఎక్స్‌పోజర్ ఎఫెక్ట్ ఇవ్వండి. పర్లేదనిపిస్తుంది గానీ, గాలికి ఊగిన ఆకులు కూడా అలుక్కుపోతాయి.

ప్రశ్న: పోర్ట్రెయిట్ మోడ్‌లో ఎఫ్/1.4 నుంచి ఎఫ్/16 దాకా జరపమంటోంది. మరి అపర్చర్ మారుతున్నట్టే కదా?

జవాబు: ఫొటో తీసేశాక గ్యాలరీలో ఆ అంకెను జరిపి చూడండి, మనిషి వెనకాల మసక అప్పుడూ మారుతుంది. తీసేశాక రంధ్రం ఎలా మారుతుంది? అది సాఫ్ట్‌వేర్ పూసే మసక. దూరాన్ని అంచనా కట్టడంలో పొరబడినచోట ఎగిరే వెంట్రుకలు, కళ్లద్దాల అంచులు తెగిపోతాయి.

నిజంగా రంధ్రం మారే ఫోన్లూ లేకపోలేదు. 2018 నాటి గెలాక్సీ ఎస్9లో ఎఫ్/1.5, ఎఫ్/2.4 రెండూ ఉండేవి. కానీ అంత చిన్న సెన్సర్ ముందు ఎఫ్/16 పెడితే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రం గుండా వచ్చే వెలుగు చెదరడం) వల్ల బొమ్మంతా మెత్తబడుతుంది. అందుకే ఎవరూ అంతదాకా పోరు.

అసలైన మసక కావాలంటే మోడ్ ఆపేసి టెలిఫొటో లెన్స్ (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపేది) వాడండి. మనిషికి దగ్గరగా జరగండి, వెనకనున్న గోడకు మాత్రం మనిషిని వీలైనంత దూరంగా నిలబెట్టండి.

ప్రశ్న: రాత్రి ఫొటోలకు రా ఫార్మాటా (ఫోన్ దిద్దకుండా సెన్సర్ ఇచ్చిన డేటానే దాచే ఫైల్), నైట్ మోడా?

జవాబు: చేత్తో పట్టుకుని తీస్తే నైట్ మోడే. అది చాలా ఫ్రేములను కలిపి నాయిస్ (చీకట్లో తీస్తే కనిపించే గరుకు చుక్కలు) తగ్గిస్తుంది. మామూలు రా ఫైల్‌లో ఉండేది ఒక్క ఫ్రేమే. ట్రైపాడ్ ఉండి, ఎదుట ఏదీ కదలకపోతే ఐఎస్ఓ 100, షట్టర్ 4 సెకన్లతో మొదలుపెట్టి రా తీయండి. రంగులు తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు దిద్దుకోవచ్చు.