గొంతు తగ్గిన గాయకుడి సభకు వెళ్ళాలా? ఒంగోలులో గద్దర్‌ను విన్నవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇది: చిన్నప్పటి నుంచీ అభిమానించే ఒక ప్రజాగాయకుడు నెల్లూరు వస్తున్నారు. ఆయనకు డెబ్బై దాటింది, గొంతు మునుపటిలా లేదని ఈమధ్య విన్నవాళ్ళు చెబుతున్నారు. పాత రికార్డింగులన్నీ యూట్యూబ్‌లో ఉండగా ఇప్పుడు పోయి నిరాశపడటం ఎందుకు, అదీ మోకాళ్ళ నొప్పులున్న నాయన్ను వెంటబెట్టుకుని?

వెళ్ళండి. నాయన్ను కూడా తీసుకెళ్ళండి. సొంతంగా పాట కట్టి సొంతంగా పాడే మనిషి విషయంలో గొంతు ఎంత మిగిలిందన్న లెక్క పెద్దగా పనికిరాదు. సినిమా గాయకులైతే మీ భయానికి అర్థం ఉంది. మన నెల్లూరు బాలు గారి కచేరీకి పోయినవాళ్ళు, రికార్డులో విన్న సంగతి అక్కడ పలికిందా లేదా అని చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళు. ఆయన పలికించేవాడు కూడా. ప్రజాగాయకుడి దగ్గర ఆ పరీక్షే వేరు.

నేను గద్దర్‌ను ఒంగోలులో విన్నాను. మాది కందుకూరు వైపు పల్లె. 2022లో మమ్మల్ని నెల్లూరు జిల్లాలో కలిపారు గానీ, అప్పట్లో పెద్ద సభ ఏదైనా ఒంగోలు పోవాల్సిందే. మా పెదనాయన తీసుకుపోయాడు. కుర్రతనంలో ప్రజా నాట్యమండలి నాటకాలూ బుర్రకథలూ ఊరూరా వెంటబడి చూసిన మనిషి. బుర్రకథలకు పేరుపడ్డ షేక్ నాజర్ కథ చెబుతుంటే ఎదురుగా కూర్చుని విన్నానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆయన దగ్గర నాజర్ తర్వాత ఎవరొచ్చినా పరీక్ష రాసి పాసవ్వాల్సిందే.

పీవీఆర్ హైస్కూలు గ్రౌండు నిండిపోయింది. చెప్పిన టైముకు సభ మొదలు కాలేదు. మొదలయ్యాక వరసగా ఉపన్యాసాలు. ఒకాయన మైకు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. జనం పల్లీలు తింటూ ఓర్చుకున్నారు. నేను కాళ్ళు సాచుకుందామని స్టేజి వెనక్కి పోతే అక్కడ ఇద్దరు కుర్రాళ్ళు కాగితాలు మండించి డప్పు కాచుకుంటున్నారు. చర్మం వేడెక్కి బిగిసేకొద్దీ వేలితో తట్టి చూసుకుంటూ, మళ్ళీ మంట మీద తిప్పుతూ. నా వరకు సభ అక్కడే మొదలైంది.

గద్దర్ వేషం అందరికీ తెలిసిందే. గోచీ బిగించిన పంచె, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాలికి గజ్జెలు. ఫొటోల్లో చూసి చూసి ఉన్నాం కాబట్టి అది కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించింది పాట నడిచిన తీరు. రెండు పాదాలు పాడతాడు, ఆపేస్తాడు. జనంతో మాట్లాడతాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ మాటే ఎప్పుడు పాటయిందో తెలియదు. వెనక కోరస్ అందుకుంటుంది. ఈలోపు ఆయన స్టేజి ఆ చివరిదాకా ఆడుకుంటూ పోయి, తిరిగొచ్చి ఇంకో పాదం ఎత్తుకుంటాడు. ఒక్కో పాట పావుగంట సాగింది, ఇంకొన్ని అంతకంటే ఎక్కువే.

సభ దగ్గరే పుస్తకాల స్టాల్లో క్యాసెట్ కొన్నాం. ఇంటికొచ్చి టేప్‌రికార్డర్‌లో వేస్తే అదే పాట నాలుగైదు నిమిషాల్లో ముగిసిపోయింది. మా పెదనాయన కాసేపు విని, "మాటలేవిరా ఇందులో? పాట ఒక్కటే పెట్టారేంది?" అన్నాడు. క్యాసెట్ తిప్పి రెండోవైపు కూడా వేసి చూశాడు పాపం.

ఆయన అడిగిందే అసలు సంగతి. బుర్రకథలో నడుమ కథకుడు, ఇటొకరు అటొకరు వంతలు ఉంటారు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత రాజకీయం చెబుతాడు. కథకుడు ఊపిరి తీసుకునే జాగా ఆ ఇద్దరూ ఇస్తారు. గంటల తరబడి ఒక్కడే గొంతు చించుకోకుండా కట్టిన పద్ధతి అది. గద్దర్ దళం జన నాట్యమండలి పాట కూడా ఆ దారిలోదే. కోరస్ ఉంది, డప్పు ఉంది, నడుమ వచనం ఉంది, అన్నిటినీ మించి మైదానంలో కూర్చున్న జనం ఉన్నారు. మొదటి పాదం ఆయనది, రెండోది అందరిదీ. అందుకే అలాంటి గాయకుడికి వయసు మీద పడితే పాట కుంటుపడదు. తను పాడేది తగ్గించుకుని జనం చేత ఎక్కువ పాడిస్తాడు, అంతే. మీరు వినబోయే పెద్దాయన కూడా ఆ బళ్ళో మనిషే అయితే ఇదే చేస్తారు, చూడండి.

గద్దర్ విషయంలో గొంతు కంటే ఒంటి సంగతి పెద్దది. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నెముక దగ్గర అలాగే ఉండిపోయింది. తీస్తే ప్రమాదమని డాక్టర్లు వదిలేశారు. నేను చూసింది ఆ తర్వాత. ఆయన ఎగిరి కాలు నేలకు కొట్టినప్పుడల్లా మా పక్కనున్న ఒక ముసలమ్మ "అయ్యో నాయనా, నిదానం" అంటూనే ఉంది. ఈ భయం ఏ రికార్డింగూ మీకు ఇవ్వదు.

ఇంకో తమాషా కూడా ఉంది. 'నీ పాదం మీద పుట్టుమచ్చనై' పాట 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' సినిమాలోది. రాసింది గద్దర్, అందులో పాడింది వందేమాతరం శ్రీనివాస్. దానికి నంది అవార్డు ఇస్తామంటే గద్దర్ వద్దన్నాడు. అటు 'మా భూమి' సినిమాలో తెరమీద కనిపించి ఆయన పాడిన 'బండెనక బండి కట్టి' పాటేమో బండి యాదగిరిది. అంటే జనం ఆయన పాటనుకుని మోసేది ఇంకొకరిది, ఆయన సొంత పాట జనం చెవుల్లో ఉన్నది ఇంకొకరి గొంతులో. సొంతదారులు ఎవరో పట్టించుకునే పాటలు కావు అవి. కానీ రాసిన మనిషే ఎదురుగా నిలబడి ఆ పుట్టుమచ్చ పాట అందుకున్నప్పుడు, సినిమాలో వాయిద్యాల మధ్య జారిపోయిన మాటలు కొన్ని నాకు మొదటిసారి వినబడ్డాయి. శ్రీనివాస్ గారు గొప్పగా పాడారు, అందులో రెండో మాట లేదు. అయినా ఆ మాట ఎందుకు రాశాడో తెలిసిన మనిషి దాన్ని ఎక్కడ ఆపుతాడో, ఎక్కడ తోసేస్తాడో వేరు.

ఇవన్నీ ఒక ఎత్తు, కారంచేడు పాట ఒక ఎత్తు.

1985 జూలై 17న చీరాల పక్కన కారంచేడులో భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపారు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, అప్పుడు మా ప్రకాశమే. మంచినీళ్ళ చెరువు దగ్గర పశువుల కుడితి కడగొద్దన్నందుకు కొట్టబోతే, మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. తెల్లారి మాదిగపల్లె మీద పడ్డారు. బతికినవాళ్ళు చీరాలకు తరలిపోయి అక్కడే ఉండిపోయారు. దళిత మహాసభ పుట్టింది ఆ మంటలోంచే. ఆ పోరాడినవాళ్ళను పులులని పిలుస్తూ గద్దర్ కట్టిన పాట రాష్ట్రమంతా తిరిగింది. నేను క్యాసెట్‌లో ఎన్నోసార్లు విన్నదే. ఊపున్న పాట, కాలు దానంతటదే ఆడుతుంది.

ఒంగోలులో ఆ పాట మొదలైతే కాలు ఆడలేదు. మాకు ఎడమవైపు చీరాల నుంచి లారీ మాట్లాడుకుని వచ్చినవాళ్ళు కూర్చున్నారు, ఆడవాళ్ళు ఎక్కువ. మొదటి పాదానికే వాళ్ళలో కొందరు లేచి నిలబడ్డారు. ఏడవలేదు, అరవలేదు. కోరస్ కంటే ముందే వాళ్ళు పాదం అందుకుంటున్నారు. ఒకచోట కోరసే వాళ్ళ వెనక పడింది. మా ముందు వరసలో తెల్లచొక్కాల పెద్దమనుషులు నలుగురైదుగురు ఉన్నారు, భూములున్నవాళ్ళని చూస్తేనే తెలుస్తుంది. అప్పటిదాకా చప్పట్లు కొట్టినవాళ్ళే. వాళ్ళలో ఒకాయన చేతిగడియారం చూసుకుని లేచిపోయాడు. మిగిలినవాళ్ళు తల వంచుకుని కూర్చున్నారు గానీ కదల్లేదు. మేమూ పొలాలున్న ఇంటివాళ్ళమే. మా పెదనాయన ఏ ముఖం పెట్టుకుంటాడో చూద్దామని పక్కకు తిరిగాను. ఆయన పాడుతున్నాడు. పెదవులు కదిలించడం కాదు, బయటికే.

ఆ పాట యూట్యూబ్‌లో దొరుకుతుంది, వినొచ్చు. పక్కన ఎవరున్నారన్నది మాత్రం అందులో దొరకదు. మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబంతా ఇదే నిజానికి.

నిరాశలు లేవని కాదు. నాకు బాగా ఇష్టమైన రెండు పాటలు ఆయన పాడనే లేదు. సౌండ్ బాక్సు దగ్గర చోటు దొరికినందుకు సంతోషపడ్డాం గానీ, మర్నాడంతా చెవిలో గుయ్‌మనే మోత. ఆయన రాజకీయాలు కొన్ని నాకు అప్పుడూ ఎక్కలేదు, ఇప్పుడూ ఎక్కవు. మా పెదనాయనకైతే తర్వాతి కాలంలో పెద్ద అలకే వచ్చింది. గద్దర్ గుళ్ళకు పోతున్నాడని పేపర్లో చదివినప్పుడు ఒకసారి, 2018లో జీవితంలో మొదటిసారి ఓటేశాడని విన్నప్పుడు ఇంకోసారి. "వీడేందిరా ఇట్టా అయిపోయాడు" అని రెండు రోజులు గొణిగాడు. 2023 ఆగస్టు 6న పోయాడని టీవీలో వస్తే మాత్రం అన్నం దగ్గర్నుంచి లేచిపోయాడు. నంది వద్దన్న మనిషి పేరు మీద ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఇస్తోంది. పెదనాయన దీనికి నవ్వాడు, అంతకు మించి ఏమీ అనలేదు.

ఇక మీ నాయన సంగతి. సభ రేబాల వారి టౌన్ హాల్లో అయితే ముందే పోయి గోడవైపు చివరి కుర్చీ పట్టండి, కాలు చాపుకోవడానికి వీలుంటుంది. వీఆర్సీ గ్రౌండులాంటి చోటైతే మడత కుర్చీ ఒకటి ఇంటి నుంచే తీసుకెళ్ళండి. సౌండ్ బాక్సులకు దూరంగా, కోరస్ నిలబడే పక్కకు కూర్చోండి. వాళ్ళ ముఖాలు కనిపిస్తుంటే పాట ఎటు మళ్ళుతుందో ముందే తెలుస్తుంది, సగం సరదా అందులోనే ఉంది. ఫోన్లో ఒక పాట తీసుకోండి చాలు. రాత్రంతా చెయ్యెత్తి పట్టుకుంటే మీరు చూసేది స్క్రీనే. నాయనకు తెలిసిన పాట వస్తే పక్కనుంచి ఆపకండి, శ్రుతి తప్పినా పాడనివ్వండి. మందులు, మంచినీళ్ళ సీసా, ఒక శాలువా సంచిలో పెట్టుకోండి. ఆఖరి బస్సు మీద మాత్రం ఆశ పెట్టుకోకుండా తిరుగు ప్రయాణానికి ఆటోనో కారో మాట్లాడి ఉంచండి. ఉపన్యాసాలన్నీ అయ్యి పెద్దాయన పాట ఎత్తుకునేది సరిగ్గా ఆ బస్సు కదిలే టైముకే.