టవర్ ఫ్లాటుకు ఈఎంఐ ఒక్కటే లెక్కేస్తే సరిపోదు

ప్రశ్న: మాది హన్మకొండ. ఇద్దరం ఉద్యోగులమే, నెలకు 1.90 లక్షలు చేతికొస్తాయి. హైదరాబాద్‌కు బదిలీ అయింది. తెల్లాపూర్ వైపు 40 అంతస్తుల టవర్‌లో 31వ అంతస్తున 2,000 అడుగుల ఫ్లాటు చూశాం. ఓసీ (నివాసయోగ్య ధ్రువపత్రం) వచ్చింది, ధర 1.55 కోట్లు. ప్లాటు అమ్మిన 60 లక్షలకు తోడు 95 లక్షల హోమ్‌లోన్ తీసుకుంటాం. రిజిస్ట్రేషన్, ఇంటీరియర్‌కు పర్సనల్ లోన్ 8 లక్షలు, చిట్టీ పాడి 7 లక్షలు (వాయిదా 14 వేలు) తెద్దామనుకుంటున్నాం. మెయింటెనెన్స్ అడుగుకు 5.50, రెండేళ్లది బిల్డర్ ముందే తీసుకుంటాడు. ఇంటి ఖర్చు 45 వేలు, సేవింగ్స్‌లో 1.20 లక్షలు ఉన్నాయి. కొనొచ్చా?

జవాబు: ఈ పద్ధతిలో వద్దు. హోమ్‌లోన్ 8.5 శాతానికి, 20 ఏళ్లకు అనుకుంటే ఈఎంఐ 82,400. పర్సనల్ లోన్ 14 శాతం, ఐదేళ్లంటే 18,600. మెయింటెనెన్స్ 11,000 అనుకుంటున్నారు. అది నెలకు 7,500 దాటి, ఫ్లాటు యజమానుల సంఘం వసూళ్లు ఏడాదికి 20 లక్షలు మించితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. అంటే 12,980. చిట్టీ, ఇంటి ఖర్చు కలిపితే 1.73 లక్షలు. మిగిలేది 17 వేలు! ఒక్క జీతం రెండు నెలలు ఆగితే గతేంటి?

రెండేళ్ల మెయింటెనెన్స్ ముందే కట్టించుకోవడంతో అసలు భారం కనబడదు. మూడో ఏడు లిఫ్టుల ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం), ఫైర్ పంపులు, జనరేటర్ డీజిల్, కామన్ మీటర్ బిల్లు అన్నీ సంఘం నెత్తినే. బ్రోచర్‌లో మెరిసే టవర్ బయటి గోడ లైట్లే చూడండి. ఎల్‌ఈడీ కన్నా ముందు పోయేది దాని డ్రైవర్, అంటే దానికి తగ్గట్టు కరెంటు అందించే చిన్న పెట్టె. పడమటి గోడ ఎండకు అందులోని కెపాసిటర్లు ఎండిపోతాయి. కేబుల్ గ్లాండ్ (వైరు లోపలికి దూరే చోటి బిగింపు) దగ్గర సీలెంట్ విడిచిందంటే వానకు నీరు దిగి, ట్రిప్ అయి ఆ వరుసంతా చీకటే. డ్రైవర్లు ప్రతి అంతస్తు షాఫ్టులో (వైర్లు పోయే నిలువు గూటిలో) ఉంటే ఎలక్ట్రీషియన్ లోపలి నుంచే మారుస్తాడు. లైటు వెనకే బిగిస్తే మాత్రం వెయ్యి రూపాయల పెట్టె మార్చడానికీ గొండోలానో (పైనుంచి వేలాడే తొట్టి), తాళ్ల మీద దిగే మనుషులనో పిలవాలి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఇచ్చే ఐదేళ్ల పూచీ నిర్మాణ, పనితనం లోపాలకు. వాడకంతో అరిగిన వాటికి కాదు. కార్పస్ (సంఘం మూలనిధి) చాలకపోతే స్పెషల్ కలెక్షన్ నోటీసు వస్తుంది, అదీ చాలాసార్లు వాయిదాల్లో కాదు. టవర్‌కు కరెంటు పంచే ప్యానెల్ బోర్డులు బేస్‌మెంట్‌లో ఉన్నాయా అన్నదీ అడగండి. 2023 జులైలో హన్మకొండ కాలనీలు మునగడం చూసినవారికి ఎందుకో చెప్పక్కర్లేదు.

అందుకే అత్యవసర నిధిని హోమ్‌లోన్ ఈఎంఐ, మెయింటెనెన్స్, ఇంటి ఖర్చు మూడూ కలిపి ఆరు నెలలకు లెక్కకట్టండి: సుమారు 8.5 లక్షలు. మీ దగ్గరున్న 1.20 లక్షలు నెల రోజులకూ రావు. నిధి లేకుండా కప్‌బోర్డుల కోసం 14 శాతం అప్పేంటండీ? చిట్టీ తొందరపడి పాడితే కసరు (ముందే పాడినందుకు కోసుకునే మొత్తం) కింద పోయేదీ మీ సొమ్మే.

1.10 కోట్ల లోపు ఫ్లాటు వెతకండి. 60 లక్షల్లో 8.5 నిధికి, దాదాపు అంతే రిజిస్ట్రేషన్‌కు పోగా 43 లక్షలు డౌన్‌పేమెంట్ అవుతుంది. 67 లక్షల అప్పుకు ఈఎంఐ 58 వేలు. ఇంటీరియర్ ఏడాది ఆగుతుంది, చిట్టీ చివరిదాకా నడవనివ్వండి. కొన్నాళ్లు అద్దెకున్నా నష్టం లేదు. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి, రిజిస్ట్రేషన్‌కు ముందే ఇద్దరూ విడివిడిగా కోటికి తగ్గకుండా టర్మ్ పాలసీ తీసుకోండి.