బడిలో లైంగిక వేధింపుల గురించి పాపకు ఎలా చెప్పాలి, ఎవరికి ఫిర్యాదు చేయాలి?

మీ పాపను కాజీపేటలో కొత్త బడిలో ఏడో తరగతిలో చేర్చామని, ఈ విషయం తనకు ఎలా చెప్పాలో తెలియడం లేదని రాశారు. పదహారేళ్లుగా వరంగల్ చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెబుతున్నాను. నన్నడిగితే పిల్లలు చెబుతూనే ఉంటారు. నోటితో చెప్పలేనప్పుడు ఇంకో రకంగా చెబుతారు. వినాల్సిన పెద్దవాళ్లకే వినడం రాదు. నాకూ రాలేదు.

2017లో హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్‌గా ఉన్నాను. బతుకమ్మ సెలవులు దగ్గర పడుతున్న రోజులు. ఒక అమ్మాయి చున్నీకి ఆరు పిన్నీసులు పెట్టుకుని వచ్చేది. భుజాలకు రెండేసి, నడుము దగ్గర రెండు. ఒకరోజు ప్రార్థన దగ్గర అందరి ముందూ కసిరాను, గుడ్డ చిరిగిపోతుంది, రెండు చాలవా అని. తల వంచుకుంది గానీ పిన్నీసులు మాత్రం తీయలేదు. తర్వాత కడుపునొప్పి అంటూ మంగళవారం, శుక్రవారం బడి మానేయడం మొదలుపెట్టింది. డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపాను. ఆ రెండు రోజులే వాళ్లకు కంప్యూటర్ ల్యాబ్ అని నాకు తట్టడానికి మూడు వారాలు పట్టింది.

ఒక సాయంత్రం పేపర్లు దిద్దుతూ, తన ముఖంలోకి చూడకుండానే, “ఏ పీరియడ్ లేకపోతే నీకు హాయిగా ఉంటుంది?” అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది. నేర్పే నెపంతో ఆ సారు వెనక నిలబడి ఒంటి మీద చేతులు వేసేవాడు. పిన్నీసులు అందుకు.

నేను చేసిన తప్పు ఆ తర్వాతిది. ప్రిన్సిపాల్ గారికి చెప్పి, నా బాధ్యత తీరిందనుకున్నాను. “ముందు మనలో మనం విచారిద్దాం” అన్నారు. ఆ పిల్లను కరస్పాండెంట్ గదిలో నిలబెట్టి, నాలుగు రోజుల్లో మూడుసార్లు అదే సంగతి చెప్పించారు. మూడోసారికి అంతా అబద్ధమేనని చెప్పి ఇంటికి వెళ్లిపోతానంది. చివరికి సారుతో రాజీనామా రాయించుకుందాం, బడి పరువు, అమ్మాయి భవిష్యత్తు రెండూ దక్కుతాయన్నారు. రాజీనామా చేసినవాడు నెల తిరక్కుండా ఇంకో బడిలో చేరతాడని ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఆ రాత్రి మా అన్నయ్య కొడుకుతో మాట్లాడాను. వాడు వకీలు. “అత్తా, నాలుగు రోజులుగా నువ్వే చట్టాన్ని మీరుతున్నావు” అన్నాడు. అప్పటిదాకా పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం పేరు వినడమే తప్ప అందులో నా పేరు కూడా ఉందని నాకు తెలియదు. 2012లో వచ్చిన ఆ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ అధిపతి దాస్తే ఏడాది వరకు. విచారణ జరిపి తేల్చడం ప్రిన్సిపాల్ పని కాదు, నా పనీ కాదు. మంచి మనసుతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు పెట్టడానికీ వీల్లేదు.

మర్నాడు ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చింది, జుట్టు నిండా నూలు పోగులు. అంతా విని ఒకటే అడిగింది, “కేసు పెడితే నా బిడ్డ పేరు పేపర్లో పడుతుందా టీచరమ్మా?” పడదు. పేరు, ఫొటో, బడి, ఊరు, పిల్లను గుర్తుపట్టే ఏ వివరమూ రాయకూడదని చట్టమే చెబుతోంది. ఫిర్యాదు ఇచ్చాక మహిళా ఎస్సై మఫ్టీలో ఇంటికే వచ్చారు. చాప మీద కూర్చుని, ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాసుకుని, మళ్లీ చదివి వినిపించారు. పిల్లలను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు, వాంగ్మూలం తీసుకునేటప్పుడు యూనిఫారం వేసుకోకూడదు. ఈ సంగతులు తల్లిదండ్రులకు తెలిస్తే సగం భయం పోతుంది. తాకితేనే నేరం అనుకునేవాళ్లూ ఉన్నారు. దురుద్దేశంతో అసభ్యంగా మాట్లాడినా, సైగలు చేసినా, పదేపదే వెంటపడినా మూడేళ్ల వరకు శిక్ష ఉంది. సొంత బడి పిల్ల మీద చేయి వేసిన సిబ్బందికి కనీసం ఐదేళ్లు.

సీసీ కెమెరాలు పెట్టించాం, కరాటే నేర్పిస్తున్నాం అని యాజమాన్యాలు బ్రోషర్లలో వేసుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. పన్నెండేళ్ల పిల్ల తనకు మార్కులు వేసే సారును కరాటేతో కొట్టాలా? అదే బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఉండదు. ఫిర్యాదుల పెట్టె గోడకు ఉంటుంది, తాళం చెవి మాత్రం ప్రిన్సిపాల్ సొరుగులో ఉంటుంది.

మీరు పాపను కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకండి. కూరగాయలు తరుగుతూ, బండి మీద వెళ్తూ అడగండి, ఏ పీరియడ్ నచ్చదు, ఎందుకు నచ్చదు అని. చెప్పింది నమ్మండి. “నువ్వెందుకు వెళ్లావు” అని మాత్రం అనకండి. ఏదైనా ఉందని తెలిస్తే బడికి వెళ్లి గొడవ పడేకంటే ముందు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు. లేదా నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. మన వరంగల్‌లో, వేధింపులకు గురైన ఆడవాళ్లకు, పిల్లలకు సాయం చేసే పోలీసుల భరోసా కేంద్రం కూడా ఉంది.

ఇప్పుడు నేను పరకాల వైపు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉన్నాను. ఇక్కడా ఒక పెట్టె పెట్టించాం. తాళం చెవి ఊళ్లోని ఒక అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఉంటుంది. శనివారం ఆమె వచ్చి తెరుస్తుంది. మొదటి నెల పడిన చీటీలన్నీ గుడ్డు చిన్నదిగా ఉందని, గడియ ఊడిపోయిందని. గడియ ఆ వారమే వేయించాను, వేయించినట్టు ప్రార్థన దగ్గర చెప్పాను కూడా. మూడో నెలలో నోటుపుస్తకం కాగితం నాలుగు మడతలు పెట్టి వేసిన చీటీ ఒకటి వచ్చింది. బస్టాపు నుంచి రోజూ ఒకడు వెంట వస్తున్నాడని. ఆ సాయంత్రమే, ఆడపిల్లలను వేధించేవాళ్ల పని పట్టే పోలీసు బృందం షీ టీమ్‌కు ఫోన్ చేశాను.