ఎగిరే విమానం ఫొటోలో ఎందుకు మసకబారుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రెండేళ్లకోసారి బెంగళూరు దగ్గరి యెలహంకలో జరిగే ఏరో ఇండియా, బేగంపేట పాత విమానాశ్రయంలో జరిగే వింగ్స్ ఇండియా, విశాఖ ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాలు. ఈ మూడు చోట్లా విమానాలను ఫొటో తీసి నిరాశపడిన పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: 100–400 మి.మీ. జూమ్ లెన్స్‌తో యెలహంకలో తేజస్ యుద్ధవిమానాన్ని తీశాను. షట్టర్ (సెన్సర్ మీద వెలుగు పడే సమయం) 1/2000 సెకనులో పెట్టినా కొన్ని ఫొటోల్లో తోక మాత్రమే వచ్చింది, కొన్నింట్లో ఖాళీ ఆకాశం. ఫ్రేములో పడినవి కూడా మెత్తగా ఉన్నాయి. లెన్స్‌లో లోపముందా? (గుంటూరు పాఠకుడు)

జవాబు: లెన్స్‌ను అనుమానించే ముందు ఒక చిన్న లెక్క చూడండి. విమానం గంటకు 800 కి.మీ. వేగంతో, మీకు 300 మీటర్ల దూరంలో అడ్డంగా పోతోందనుకుందాం. అంటే సెకనుకు 222 మీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాలో 400 మి.మీ. దగ్గర, ఆ దూరంలో మీ ఫ్రేములో పట్టేది 27 మీటర్ల వెడల్పే. కెమెరాను కదపకుండా పట్టుకుంటే విమానం ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటడానికి సెకనులో ఎనిమిదో వంతు చాలు. కన్ను చూసి వేలు నొక్కేలోపే అది వెళ్లిపోతుంది. మీకు తోకలూ ఖాళీ ఆకాశమూ దక్కింది అందుకే.

మెత్తదనానికి కారణమూ ఈ లెక్కలోనే ఉంది. 1/2000 సెకనులో ఆ విమానం 11 సెంటీమీటర్లు జరుగుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు. 27 మీటర్లను 6000తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు నాలుగున్నర మిల్లీమీటర్లు. అంటే కదలని కెమెరాలో ఆ 11 సెంటీమీటర్లు దాదాపు 25 పిక్సెళ్ల చారికగా మారతాయి. షట్టర్ ఎంత పెంచినా దీన్ని పూర్తిగా ఆపలేరు. విమానంతోపాటు కెమెరా కూడా అదే వేగంతో తిరిగితేనే చారిక పోతుంది. దీన్నే పానింగ్ అంటారు. ఎయిర్‌షో ఫొటోగ్రఫీలో ముందు సాధన చేయవలసింది ఇదే, కొత్త లెన్స్ సంగతి తర్వాత.

చేసే పద్ధతి ఇది. విమానం ఎక్కడికి వచ్చినప్పుడు ఫొటో కావాలో ఆ దిక్కుకు పాదాలు పెట్టండి. తర్వాత నడుము పైభాగాన్ని మాత్రమే విమానం వచ్చే వైపుకు తిప్పండి. మెలి పడిన ఒళ్లు విమానంతోపాటు విప్పుకుంటూ వస్తుంది కాబట్టి మధ్యలో కుదుపు ఉండదు. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. వచ్చే వైపుకు పాదాలు పెట్టి నిలబడటంతో సరిగ్గా ఫొటో కావలసిన చోటే నడుము బిగుసుకుపోతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఎడమ అరచేతిని లెన్స్ కింద ముందుకు జరిపి పట్టండి. దూరాన చుక్కలా ఉన్నప్పుడే విమానాన్ని వ్యూఫైండర్‌లోకి తెచ్చుకుని, కాక్‌పిట్ ఒకే బిందువు దగ్గర నిలిచేలా వెంబడించండి. అది ఎదురుగా వచ్చినప్పుడు ఐదారు ఫ్రేములు తీయండి. నొక్కడం ఆపాక కూడా ఒక క్షణం తిప్పుతూనే ఉండండి. నొక్కగానే చేయి ఆగితే చివరి ఫ్రేములు చెడిపోతాయి.

శబ్దాన్ని నమ్ముకోకండి. కిలోమీటరు దూరం నుంచి శబ్దం చేరడానికి మూడు సెకన్లు పడుతుంది. ఆలోగా మీ తేజస్ 650 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. మోత వినిపించిన చోట కాకుండా, అది పోయే దిక్కులో దానికి చాలా ముందు వెతకండి. ముందుగా 100 మి.మీ.లో పట్టుకుని తర్వాత 400కు జూమ్ చేయడం సులువు. నేరుగా 400లో వెతికితే ఆకాశమంతా ఒకేలా ఉంటుంది.

ఇంకొకటి, మీది క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా అయితే 300 మీటర్ల దగ్గర 400 మి.మీ. ఫ్రేము వెడల్పు 17–18 మీటర్లే. 13 మీటర్ల తేజస్ అందులో ఇరుకుగా పడుతుంది. దాదాపు 22 మీటర్ల సుఖోయ్-30 అడ్డంగా వస్తే ముక్కో తోకో తెగుతుంది. అక్కడ 250–300 మి.మీ. చాలు.

ప్రశ్న: ఆటోఫోకస్ విమానాన్ని వదిలి పొగ మీదకో మేఘం మీదకో పోతోంది. ఏ సెట్టింగులు పెట్టాలి? (కర్నూలు పాఠకురాలు)

జవాబు: ఫోకస్ నిరంతరం సరిచూసుకునే విధానంలో ఉండాలి. కానన్‌లో దాన్ని సర్వో అంటారు, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ. ఒకే ఫోకస్ బిందువు పెడితే విమానం దాని మీద నిలవదు, ఫ్రేమంతా వదిలేస్తే పొగను పట్టుకుంటుంది. మధ్యలో కొన్ని బిందువులు కలిసిన చిన్న జోన్ ఎంచుకోండి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో విమానాలను గుర్తించే సౌకర్యం ఉంటే ఆన్ చేయండి. మెనూలో ట్రాకింగ్ సెన్సిటివిటీ లాంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ‘పట్టిన వస్తువును వదలకు’ అనే వైపుకు జరిపితే అడ్డొచ్చిన పొగకు కెమెరా తొందరపడి మారదు. లెన్స్ మీద ఫోకస్ పరిధిని కుదించే స్విచ్ ఉంటే దూరాలకే పరిమితం చేయండి. ప్రదర్శన మొదలవక ముందే దూరంలోని చెట్టు మీదో భవనం మీదో ఒకసారి ఫోకస్ చేసి ఉంచండి. లెన్స్ దగ్గరి దూరంలో ఉండిపోతే ఆకాశంలో చుక్క దానికి అసలు కనపడదు.

స్టెబిలైజేషన్‌కు (చేతి వణుకును సరిదిద్దే సౌకర్యం) రెండో మోడ్, లేదా స్పోర్ట్ మోడ్ పెట్టండి. మామూలు మోడ్‌లో పెడితే మీరు కావాలని తిప్పే కదలికనే చేతి వణుకు అనుకుని ఎదురు లాగుతుంది.

ప్రశ్న: బేగంపేటలో సారంగ్ హెలికాప్టర్లను 1/2000లో తీస్తే దారం కట్టి వేలాడదీసిన బొమ్మల్లా ఉన్నాయి. (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: జెట్‌కు వాడిన షట్టర్ హెలికాప్టర్‌కు పనికిరాదు. వాయుసేన సారంగ్ బృందం నడిపే ధ్రువ్ హెలికాప్టర్‌కు నాలుగు రెక్కల పెద్ద రోటర్ ఉంటుంది. అది నిమిషానికి సుమారు 300 చుట్లు, అంటే సెకనుకు 1800 డిగ్రీలు తిరుగుతుంది. 1/2000లో ఒక్కో రెక్క ఒక్క డిగ్రీ కూడా కదలదు. ఇంజన్ ఆగిపోయినట్టు కనిపించేది అందుకే. 1/125లో 14 డిగ్రీలు కదులుతుంది, తిరుగుతోందన్న సంగతి తెలుస్తుంది. 1/60లో 30 డిగ్రీలు, అప్పుడు అందంగా విసనకర్రలా పరుచుకుంటుంది. కానీ 1/60లో మీ చేతి కుదుపులన్నీ బయటపడతాయి. 1/250తో మొదలుపెట్టి, నాలుగు మంచి ఫొటోలు చేతికొచ్చాక 1/160, ఆ తర్వాత 1/125కు దిగండి. పదింటిలో రెండు బాగా వచ్చినా మంచి ఫలితమే.

విమానాల ప్రొపెల్లర్లు హెలికాప్టర్ రోటర్ల కన్నా చాలా వేగంగా తిరుగుతాయి. నిమిషానికి 2000 చుట్లు తిరిగే ప్రొపెల్లర్ 1/250లో 48 డిగ్రీలు కదులుతుంది. కాబట్టి వాటికి 1/250 నుంచి 1/320 సరిపోతుంది, ఫొటో పదునుగానూ ఉంటుంది.

ఎండలో 1/125కు దిగితే ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి) 100లో కూడా అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం) ఎఫ్16 దాకా మూయాలి. అక్కడ రెండు చిక్కులు. ఫొటో కొంచెం మెత్తబడుతుంది, సెన్సర్ మీది ప్రతి దుమ్ము రేణువూ నీలాకాశంలో నల్లచుక్కై కూర్చుంటుంది. రెండు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును నాలుగో వంతుకు తగ్గించే అద్దం) బిగిస్తే ఎఫ్8 దగ్గరే ఆగవచ్చు.

బేగంపేటలో ఒక సౌలభ్యం ఉంది. టెర్మినల్ వైపు నుంచి రన్‌వేను చూస్తే మీరు ఉత్తరానికి తిరిగి ఉంటారు. జనవరిలో సూర్యుడు దక్షిణాన ఉండటంతో వెలుగు మీ వెనక నుంచి విమానం మీద పడుతుంది.

ప్రశ్న: ఫోన్‌తో తీస్తే ప్రొపెల్లర్ అరటిపండులా వంగి వచ్చింది. మిర్రర్‌లెస్ కెమెరాలో నిశ్శబ్ద మోడ్‌లోనూ అంతే. (ఖమ్మం పాఠకుడు)

జవాబు: ఫోన్లూ, నిశ్శబ్ద మోడ్‌లో కెమెరాలూ వాడే ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను ఒక్కసారిగా చదవదు, పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటే చదువుతుంది. కింది వరుసకు వచ్చేసరికి రెక్క వేరే చోట ఉంటుంది కాబట్టి నిటారు రెక్క వంకరగా నమోదవుతుంది. షట్టర్ స్పీడ్ పెంచినా ఇది పోదు, ఎందుకంటే వరుసలు చదివే వేగం మారదు. కెమెరాలో మెకానికల్ షట్టర్‌కు మార్చండి. ఫోన్‌లో దీనికి మందు లేదు. దానితో జెట్‌లనూ వాటి పొగ చారలనూ తీసుకోండి.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో తీసిన విమానాలన్నీ నల్లటి నీడల్లా వచ్చాయి. సాయంత్రం అయ్యేకొద్దీ మరీ అన్యాయం. (విశాఖపట్నం పాఠకురాలు)

జవాబు: కెమెరా ఫ్రేమంతా చూసి సగటు తీస్తుంది. ఫ్రేములో తొంభై పాళ్లు తెల్లటి ఆకాశమే ఉంటే దాన్ని బూడిదరంగుకు దించుతుంది, దాంతోపాటు విమానమూ నల్లబడుతుంది. నీలాకాశం అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకట్టిన వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 0.7, తెల్లటి మబ్బు అయితే ప్లస్ 1.3 నుంచి 1.7 పెట్టండి. అదే విమానం కైలాసగిరి లాంటి ముదురు కొండ ముందుగా వెళ్తే లెక్క తిరగబడుతుంది, సున్నాకు గానీ మైనస్‌కు గానీ తేవాలి. ఇలా క్షణక్షణం మార్చడం కుదరదు కాబట్టి వెలుగు నిలకడగా ఉన్నంతసేపు మాన్యువల్ మోడ్ (అన్నీ మీరే పెట్టుకునేది) మంచిది. విమానం మీద పడే ఎండే మీ దగ్గరి పచ్చిగడ్డి మీదా పడుతోంది. దాని మీద కొలిచి అలాగే వదిలేయండి. నిండు ఎండలో ఐఎస్ఓ 400, ఎఫ్8, 1/1600 దగ్గర్లో తేలుతుంది.

మీ బీచ్ తూర్పుకు, సముద్రానికి ఎదురుగా ఉంది. సాయంత్రం సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు. వెలుగు చక్కగానే పడుతుంది, కానీ త్వరగా చచ్చిపోతుంది. డిసెంబరు మొదట్లో విశాఖలో సూర్యాస్తమయం 5:20 ప్రాంతం. ఆఖరి అరగంటలో మాన్యువల్ వదిలేసి, షట్టర్, అపెర్చర్ మీరు పెట్టుకుని ఐఎస్ఓను ఆటోకు ఇవ్వండి, పైన ప్లస్ 0.7 ఉంచండి. ఐఎస్ఓ 3200కు పోయినా కంగారుపడకండి. గ్రెయిన్ (రవ్వల్లాంటి గరుకుదనం) ఉన్న ఫొటోను సరిచేయవచ్చు, చెదిరినదాన్ని చేయలేం. ఆ వెలుగులో నౌకాదళ మిగ్-29కే జెట్ ఆఫ్టర్‌బర్నర్ (ఇంజన్ వెనక అదనపు ఇంధనం మండించే భాగం) మంట ఎర్రగా కనిపిస్తుంది, దానికోసమైనా కెమెరా సర్దేయకండి.

సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మీకు ఇంకో అవకాశం ఉంది. జెట్ గట్టిగా మలుపు తీసుకున్నప్పుడు రెక్క పైన పీడనం పడిపోయి గాలి చల్లబడుతుంది, తేమ సన్నటి నీటిచుక్కలై తెల్లటి మబ్బులా రెక్కల మీద విచ్చుకుంటుంది. అది అరసెకను కూడా ఉండకపోవచ్చు. విమానం ఒక పక్కకు ఒరగడం మొదలవగానే నొక్కడం మొదలుపెట్టండి. లెన్స్ ముందు అద్దం మీద ఉప్పు పొర పేరుకుంటుంది. మధ్య మధ్యలో బ్లోయర్‌తో ఊది, మెత్తటి గుడ్డతో తుడవండి.

ప్రశ్న: సూర్యకిరణ్ విమానాలు రెండు ఎదురెదురుగా దూసుకొచ్చే క్షణం ఎప్పుడూ దొరకదు. (తిరుపతి పాఠకుడు)

జవాబు: ఒక్కోటి సెకనుకు 180 మీటర్ల వేగంతో వస్తుందనుకుంటే రెండూ దగ్గరయ్యే వేగం 360 మీటర్లు. 300 మీటర్ల దూరంలో 200 మి.మీ. ఫ్రేము 54 మీటర్లు. అంటే మీరు ఒకదాన్ని వెంబడిస్తుంటే రెండోది ఫ్రేములో ఉండేది సెకనులో ఏడో వంతు. సెకనుకు పది ఫ్రేములు తీసే కెమెరాకు ఒకటి రెండు ఫొటోలే పడతాయి. అందుకే ఒక్క విమానాన్నే వెంబడించండి, రెండోదాన్ని తెరిచి ఉంచిన ఎడమ కంటితో చూడండి. అది దగ్గరికి వస్తుండగా, అంటే కలవడానికి అరసెకను ముందే, నొక్కి పట్టుకోండి. కలిసినప్పుడు నొక్కితే ఆలస్యమైపోయినట్టే. సూర్యకిరణ్ బృందం నడిపే తొమ్మిది హాక్ జెట్‌లూ విడిపోయి పైకి చిమ్మే విన్యాసానికి మాత్రం 400 మి.మీ. పక్కన పెట్టి 24–70 మి.మీ. లెన్స్ వాడండి. కాషాయ, తెలుపు, ఆకుపచ్చ పొగలన్నీ ఫ్రేములో పడాలి. తెలుపు పొగ కాస్త ఎక్కువ వెలిగినా పరవాలేదు.

ప్రశ్న: రన్‌వే మీద దిగుతున్న విమానాలు ట్రైపాడ్ వాడినా నీటిలో చూసినట్టు అలలుగా వస్తున్నాయి. (అనంతపురం పాఠకుడు)

జవాబు: అది మీ తప్పు కాదు, లెన్స్‌దీ కాదు. ఎండకు కాగిన రన్‌వే మీది గాలి పొరలు పొరలుగా వేర్వేరు వేడితో లేస్తూ వెలుగును వంచుతుంటుంది. వరసగా తీసిన ఫ్రేముల్లో తోక ఒకదాంట్లో తిన్నగా, తర్వాతిదాంట్లో వంకరగా ఉంటే కారణం ఇదే. పెద్ద లెన్స్ కొంటే మరీ ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే అలలు కూడా పెద్దవవుతాయి. నేల మీది విమానాలను పొద్దున పదిలోపు తీయండి, తర్వాత గాల్లోకి లేచినవాటి మీదే గురిపెట్టండి. ఏసీ కారులోంచి తీసిన లెన్స్‌ను ఇరవై నిమిషాలు నీడలో ఉంచండి. లేకపోతే లెన్స్ ముందు బిగించే హుడ్ లోపలే చల్లగాలీ వేడిగాలీ కలిసి ఇదే రోగం తెస్తాయి.

ట్రైపాడ్ గురించి కూడా చెప్పాలి. తల మీదుగా పోయే విమానాన్ని దానితో వెంబడించలేరు. రెండు కిలోల లోపు లెన్స్‌కు చేతులే చాలు.

ప్రశ్న: పొలరైజర్ వాడొచ్చా? కెమెరా మధ్యలో ఆగిపోతోంది, ఎందుకు? (నిజామాబాద్ పాఠకుడు)

జవాబు: పొలరైజర్ (ప్రతిఫలనాలను తగ్గించే ఫిల్టర్) వద్దు. ఒకటి, ఒకటిన్నర స్టాపుల వెలుగు మింగుతుంది, కాక్‌పిట్ గాజు మీద ఇంద్రధనుస్సు చారలు తెస్తుంది. కెమెరా ఆగడానికి కారణం కార్డు. ఒక్కో రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని ఫొటో) 25 ఎంబీ అనుకుంటే సెకనుకు పది ఫ్రేములకు 250 ఎంబీ. మామూలు ఎస్‌డీ కార్డు సెకనుకు 100 ఎంబీ కూడా రాయలేదు, నాలుగైదు సెకన్లలో బఫర్ (కార్డుకు చేరేలోపు ఫొటోలు నిలిచే కెమెరాలోని తాత్కాలిక జాగా) నిండుతుంది. మీ కెమెరాకు యూహెచ్ఎస్-2 రకం వేగవంతమైన కార్డు అర ఉంటే, ఆ రకంలోనే వీ60 అని రాసి ఉన్న కార్డు తీసుకోండి. లేకపోతే నొక్కి పట్టుకోకుండా ఐదారు ఫ్రేముల చొప్పున తీసి వేలు ఎత్తండి. విమానం తిరిగి వచ్చేలోపు కెమెరా బఫర్‌ను ఖాళీ చేసుకుంటుంది.