ఓక్ పీపాలో ఇంటి సారా మాగబెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. మా బావమరిది నాసిక్ వెళ్లినప్పుడు ఒక వైనరీ వాళ్లు వాడి తీసేసిన ఓక్ పీపాను కొని తెచ్చాడు. 225 లీటర్లది. డాబా మీద పెట్టి నీళ్లు పోసి నానబెడుతున్నాను. ద్రాక్షరసం పులియబెట్టి, రాగి బట్టీలో కాచి, ఆ సారాను ఇందులో రెండేళ్లు మాగబెట్టాలని ఆలోచన. బట్టీ ఆన్‌లైన్‌లో చూసి ఉంచాను, ఇంకా కొనలేదు. ఒక్క చుక్క కూడా అమ్మను, స్నేహితులకు మాత్రం పోస్తాను. విదేశాల్లో ఎంతోమంది ఇళ్లలో చేసుకుంటున్న వీడియోలు చూశాను. ఇక్కడ నేరమా? పోనీ, దుకాణంలో కొన్న విస్కీనే పీపాలో పోసుకోవచ్చా? మా అత్తగారి ఊరు ఏటూరునాగారం దగ్గర. అక్కడ ఇప్పసారా కాస్తూనే ఉంటారు కదా?
– పేరు వేయవద్దని కోరిన పాఠకుడు

జవాబు: మాస్టారూ, ఆ బట్టీ కొనకండి. మిగతా విషయాలన్నీ దీని తరువాతే. ఇలాంటి సందేహంతో న్యాయవాదిగా నా దగ్గరకు వచ్చేవారు సాధారణంగా పంచనామా కాగితం చేతిలో పట్టుకుని వస్తారు. మీరు ముందే అడిగారు, అందుకు సంతోషం.

మన దగ్గర అమల్లో ఉన్నది 1968 నాటి ఎక్సైజ్ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టాన్నే తెలంగాణ స్వీకరించింది. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయకూడదని అందులోని 13వ సెక్షన్ చెబుతుంది. అమ్మకానికా, సొంతానికా అని అది అడగదు. తయారీ, కలిగి ఉండటం, రవాణా, అమ్మకం – అన్నిటినీ 34వ సెక్షన్ ఒకే వరుసలో నేరాలుగా పెట్టి జైలు, జరిమానా విధిస్తుంది. దీనికి తోడు 1995 నాటి మద్యనిషేధ చట్టం ఉంది. 1997లో నిషేధాన్ని సడలించినా, దొంగసారాకు సంబంధించిన 7ఏ సెక్షన్ అమల్లో ఉంది. మన జిల్లాల్లో గుడుంబా కేసులు ఎక్కువగా దాని కిందనే నమోదవుతుంటాయి. ద్రాక్షతో కాచారా, బెల్లంతో కాచారా అన్నదానితో పని లేదు. లైసెన్సు లేకుండా కాచిన ప్రతిదీ దొంగసారాయే.

మీరు చూసిన వీడియోలు బహుశా న్యూజిలాండ్‌వి అయి ఉంటాయి. అక్కడ 1996 నుంచి సొంత వాడకానికి ఇంట్లో కాచుకోనిస్తున్నారు. అమెరికాలో ఇంట్లో బీరు, వైన్ చేసుకోవచ్చు గానీ, సారా కాయడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. మన రాజ్యాంగం మద్యాన్ని రాష్ట్రాల జాబితాలో, 8వ అంశంగా పెట్టింది. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు ఖోడే డిస్టిలరీస్ కేసులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి 'నా ఇల్లు, నా ఇష్టం' అనే వాదన కోర్టులో నిలబడదు.

ఇక విస్కీ సంగతి. చాలామంది తడబడేది ఇక్కడే. 'తయారీ' అంటే కాయడం ఒక్కటే అనుకుంటాం. చట్టంలోని నిర్వచనం అంతకంటే చాలా వెడల్పు. మద్యానికి రుచి కలపడం, రంగు కలపడం, ఒకదానితో మరొకటి కలపడం కూడా తయారీయే. ఓక్ పీపా చేసేది సరిగ్గా అదే. లోపల కాల్చిన చెక్క నుంచి వెనిలా వాసన, వగరు, గోధుమ రంగు దిగుతాయి. మీ పీపాలోనైతే పాత వైన్ ఎరుపు కూడా దిగుతుంది. అంటే మాగబెట్టడం దానంతట అదే లైసెన్సు కావలసిన పని అని ప్రాసిక్యూషన్ వాదించగలదు. పైగా లెక్క చూడండి. 225 లీటర్ల పీపా నిండాలంటే 750 మిల్లీలీటర్ల సీసాలు 300 కావాలి. ఒక వ్యక్తి ఇంట్లో ఉంచుకోగల మద్యానికి ప్రభుత్వం విధించిన పరిమితి ఆ దరిదాపుల్లో కూడా ఉండదు. పీపాలో సగమే పోశానన్నా అంతే. ఒకసారి సీసా మూత తీసి, లేబుల్ పక్కన పడేసి పీపాలో కుమ్మరించాక, అది సుంకం కట్టిన మద్యమని రుజువు చేసుకోవడమే పెద్ద తలనొప్పి.

పీపా మాత్రం నేరం కాదు. ఈ మాట చెప్పడానికి నాకు బెల్లం కేసులే ఆధారం. నర్సంపేట వైపు ఒక తండాకు చెందిన అమ్మ ఒకావిడ నా దగ్గరకు వచ్చింది. ఇంట్లో నల్లబెల్లం ముద్దలు, పక్కనే చిన్న మూటలో, గుడుంబా కాచేవారు వాడే పటిక దొరికాయి. 34వ సెక్షన్‌లోని 'ఇ' క్లాజు కింద కేసు పెట్టారు. సారా తయారీ కోసం సరుకు గానీ, పాత్ర గానీ, పరికరం గానీ దగ్గర ఉంచుకోవడం నేరమనేది ఆ క్లాజు. బెల్లం దానంతట అది నిషిద్ధ వస్తువు కాదని, సారా కోసమే ఉంచారని చూపాలని హైకోర్టు పలుమార్లు చెప్పింది. ఆ మాట పట్టుకునే మేం వాదించాం. అయినా ఆవిడ కూలి పనులు మానుకుని ఎన్నిసార్లు కోర్టు వరండాలో కూర్చుందో నాకు తెలుసు. ఆ పటిక మూటే లేకపోతే కేసు ఇంత దూరం వచ్చేది కాదు.

మీ విషయంలో ఆ పటిక మూట స్థానంలో ఉన్నది రాగి బట్టీ. ఖాళీ పీపా ఒక్కటే ఉంటే అది చెక్క సామాను. పక్కన బట్టీ, గొట్టం, పులుస్తున్న రసం ఉన్న డ్రమ్ము చేరితే అదే పీపా పరికరమవుతుంది. తండాలో బెల్లం పానకాన్ని పంచుల ముందు నేలపాలు చేసి, నమూనా సీసాకు సీలు వేసి ల్యాబుకు పంపే పద్ధతే మీ డాబా మీదా జరుగుతుంది. ఫ్రెంచి ఓక్ అయినంత మాత్రాన చట్టం వేరుగా చూడదు. చూడకూడదు కూడా. ఆ అమ్మకు ఒక న్యాయం, మనకొక న్యాయం ఉండాలని నేను ఎవరి తరఫునా వాదించను.

ఏటూరునాగారం షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం అక్కడ మత్తు పానీయాల నియంత్రణలో గ్రామసభకు అధికారం ఇచ్చింది. అది ఆదివాసీ గ్రామాల స్వపరిపాలనకు సంబంధించినది. అత్తగారి ఊరు అక్కడ ఉన్నందువల్ల హనుమకొండలో మీకు దానితో ఏ రక్షణా రాదు. అక్కడి నుంచి ఇప్పసారా తెచ్చి పీపాలో పోయాలన్న ఆలోచన ఉంటే దాన్నీ వదిలేయండి. దారిలో దొరికితే బండి కూడా జప్తవుతుంది. విడిపించుకోవడానికి ఎక్సైజ్ డిప్యూటీ కమిషనర్ కార్యాలయం చుట్టూ తిరగాలి.

మీరు ఉద్యోగి కాబట్టి ఇంకొక మాట. అరెస్టయి 48 గంటలు మించి కస్టడీలో ఉంటే, ఆ రోజు నుంచే సస్పెన్షన్‌లో ఉన్నట్టుగా సర్వీసు నిబంధనలు భావిస్తాయి. కేసు తరువాత కొట్టేసినా ఆ నెలలు వెనక్కి రావు. స్నేహితులకు పోస్తానన్న మాట నన్ను ఇంకా ఎక్కువ భయపెట్టింది. కాచడంలో తేడా వచ్చి మిథనాల్ మిగిలితే ఏ ఓక్ చెక్కా దాన్ని పీల్చేయదు, రెండేళ్లు కాదు పదేళ్లు ఉంచినా. తాగినవారి చూపు పోయినా, ప్రాణం పోయినా అది ఎక్సైజ్ కేసుతో ఆగదు. భారతీయ న్యాయ సంహితలో విష పదార్థంతో హాని కలిగించడంపై 123, నిర్లక్ష్యంతో మరణానికి కారణమవడంపై 106 సెక్షన్లు ఉన్నాయి.

ఇప్పుడు చేయవలసింది: పీపా కొన్న రసీదు నాసిక్ నుంచి తెప్పించి దాచండి. నానబెట్టిన ఎర్రటి నీళ్లు పారబోసి, లోపల వైన్ మడ్డి లేకుండా కడిగి ఆరబెట్టండి. ఆరితే చెక్కలు సన్నబడి సందులు పడతాయి, పడనివ్వండి. ఇక దాన్ని ద్రవాలకు వాడరు కదా. పచ్చి కాఫీ గింజలను ఇలాంటి పీపాల్లో కొన్ని వారాలు ఉంచి తరువాత వేయించడం ఇప్పుడు చాలాచోట్ల ఉంది. దానికి ఎక్సైజ్ అనుమతి అక్కరలేదు, అమ్మాలనుకుంటే ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ చాలు. లేదంటే నిలువునా కోసి, మట్టి నింపి డాబా మీద మల్లెలు పెట్టుకోవచ్చు. సిరకా (వెనిగర్) చేస్తానని మాత్రం మొదలుపెట్టకండి. రసం సిరకా అయ్యే ముందు మద్యం దశ దాటాలి, తనిఖీకి వచ్చినవారు ఆ దశలోనే చూస్తే మళ్లీ నా దగ్గరకే రావాలి.