టెక్ సందేహాలు: స్టీరియో మార్చే ముందు దాని చోటు మార్చండి

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం మైక్రో సిస్టమ్ గురించే. ఒక బుల్లి పెట్టె, రెండు స్పీకర్లు, ఒక రిమోట్. సీడీ, ఎఫ్‌ఎం, బ్లూటూత్, యూఎస్‌బీ అన్నీ అందులోనే. ఇంట్లో పాటలు వినడానికి ఇంతకు మించి అక్కర్లేదని నా అభిప్రాయం. షాపులో మోగినట్టు ఇంట్లో మోగడం లేదన్నదే చాలామంది గోడు. అలాంటి వాటిలో ఒక ఉత్తరానికి కాస్త వివరంగానే జవాబిస్తున్నాను.

ప్రశ్న: పదిహేను వేలు పెట్టి మైక్రో సిస్టమ్ కొన్నాను. షాపులో అదరగొట్టింది. ఇంటికి తెచ్చాక బేస్ లేదు, పాడేవాళ్ల గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. స్పీకర్లు రెండూ షోకేసులో టీవీ పైన అరలో పక్కపక్కనే పెట్టాను. షాపువాళ్లు బేస్ కోసమే ఉండే సబ్‌వూఫర్ అనే స్పీకర్ కొనుక్కోమంటున్నారు. కొనమంటారా? – గుంటూరు

ఇప్పుడే కొనకండి. ముందు స్పీకర్ల వెనక వైర్లు చూడండి. ప్రతి స్పీకర్‌కీ ఎరుపు, నలుపు క్లిప్పులు ఉంటాయి, సిస్టమ్ వెనక కూడా అవే రంగులు. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే వెళ్లాలి. ఒక స్పీకర్‌కి సరిగ్గా ఇచ్చి, రెండోదానికి తిరగేస్తే ఏమవుతుందంటే, ఒకదాని కోన్, అంటే శబ్దం చేస్తూ కదిలే గరాటులాంటి పొర, ముందుకు వచ్చినప్పుడు రెండోదానిది వెనక్కి పోతుంది. బేస్ శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండింటికీ మధ్యలో నిలబడి పాడుతున్నట్టు వినిపించాల్సిన గొంతు గదంతా చెదిరిపోతుంది. మీరు రాసిన రెండు లక్షణాలూ ఇవే. పాడైందేమీ ఉండదు కాబట్టి సర్వీసు మనిషి వచ్చి చూసినా 'బాగానే ఉందండీ' అని వెళ్లిపోతాడు.

వైరు మీద రంగులు లేకపోతే ఒక అంచున సన్నటి గీత గానీ, గట్టులా తగిలే చార గానీ ఉంటుంది. ఆ తీగను రెండు చివర్లా ఎరుపుకే ఇవ్వండి. అదీ కనిపించకపోతే గోడ గడియారంలో వాడే 1.5 వోల్టుల బ్యాటరీ తీసుకోండి. స్పీకర్ వైర్లను సిస్టమ్ నుంచి పూర్తిగా విడదీసి, వాటి కొసలను బ్యాటరీకి క్షణం పాటు తాకించి తీసేయండి. జాలీ ఊడదీసి చూస్తే కోన్ కదలడం తెలుస్తుంది. అది ముందుకు ఉబికితే బ్యాటరీ ప్లస్‌కి తగిలిన తీగే స్పీకర్ ప్లస్. వైరు సిస్టమ్‌లో ఉండగా మాత్రం ఈ పని చేయకండి.

క్లిప్పు నొక్కి వైరు దూర్చేటప్పుడు ఇంకో సంగతి. లోపల పట్టుకోవాల్సింది రాగిని, పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగుని కాదు. రాగి పోగులను మెలితిప్పి పెట్టండి. ఒక్క పోగు జారి పక్క క్లిప్పుకి తగిలినా షార్ట్ అవుతుంది. మంచి సిస్టమ్ అయితే తెరపై 'ప్రొటెక్ట్' అని చూపించి ఆగిపోతుంది, చవకరకమైతే ఆంప్లిఫయరే పోవచ్చు.

ఇక చోటు. షోకేసు అరలో పక్కపక్కనే పెట్టిన రెండు స్పీకర్లు ఒక్క స్పీకర్‌తో సమానం, స్టీరియో అన్న మాటకే అర్థం లేదు. రెండింటి మధ్య ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల ఎడం ఉంచండి. మీరు కూర్చునే చోటు కూడా ఒక్కోదానికి దాదాపు అంతే దూరంలో ఉంటే మూడూ కలిసి సమబాహు త్రిభుజం అవుతుంది. ట్వీటర్, అంటే పైనున్న చిన్న గుండ్రటి స్పీకర్, కూర్చున్నప్పుడు మీ చెవి ఎత్తుకి రావాలి. పెట్టె వెనక గొట్టంలాంటి రంధ్రం ఉంటే బేస్‌లో కొంత అందులోంచే వస్తుంది కాబట్టి గోడకి 10–15 సెంటీమీటర్లు ఎడంగా జరపండి. అలాగని గది మూలకు నెట్టకండి. మూలలో బేస్ పెరిగినట్టే అనిపిస్తుంది గానీ తబలాకీ డ్రమ్‌కీ తేడా తెలియకుండా బుంగలో మాట్లాడినట్టు ఉంటుంది.

మన ఇళ్లలో కింద గ్రానైటో టైల్సో, చుట్టూ బోసి గోడలు. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. 'టింగ్' మని తోకలా ప్రతిధ్వని వినిపిస్తే పాట కూడా అలాగే గోడలకి కొట్టుకుని తిరిగొస్తోందన్నమాట. స్పీకర్లకీ సోఫాకీ మధ్య మందపాటి దుప్పటి పరిచి చూడండి, కిటికీకి బరువైన కర్టెన్ వేయండి. ఈ రెండింటి ఖర్చూ సబ్‌వూఫర్ ముందు ఏపాటి?

స్పీకర్లు దూరం జరపడానికి ఇచ్చిన వైరు చాలదు కదా అంటారేమో. ఎలక్ట్రికల్ షాపులో 1 చదరపు మిల్లీమీటర్ రాగి రెండు తీగల వైరు దొరుకుతుంది. అయిదు మీటర్లకి దాని నిరోధం 0.2 ఓమ్‌లోపే, ఆరు ఓమ్‌ల స్పీకర్‌కి అది లెక్కలోకి రాదు. మీటరు వేల రూపాయలు చెప్పే 'ఆక్సిజన్ లేని రాగి' జోలికి వెళ్లకండి. ఇవన్నీ అయ్యాక ఈక్వలైజర్‌ని ఫ్లాట్‌లో, అంటే ఏదీ పెంచకుండా తగ్గించకుండా పెట్టి, ఉన్న అన్ని బేస్ బూస్ట్ బటన్లూ ఆపి వినండి. అప్పటికీ చాలదనిపిస్తే సబ్‌వూఫర్ మాట ఆలోచిద్దాం.

ప్రశ్న: ఒక షాపులో 4,000 వాట్ల సిస్టమ్ ఎనిమిది వేలకి ఇస్తామంటున్నారు. పేరున్న కంపెనీది 30 వాట్లకే పన్నెండు వేలు. ఏది మేలు? – నెల్లూరు

ఆ 4,000 పక్కన చిన్న అక్షరాల్లో పీఎంపీఓ అని ఉంటుంది చూడండి. దానికి కచ్చితమైన కొలత పద్ధతంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటారు. మీరు చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగల శక్తి. అది కూడా రాయకపోతే పెట్టెను వెనక్కి తిప్పండి. ఎంత కరెంటు తీసుకుంటుందో అక్కడి పట్టీ మీద ఉంటుంది. గోడ నుంచి 45 వాట్లు తీసుకునే యంత్రం పాట సాగినంతసేపూ 4,000 వాట్లు ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఇంకో లెక్క. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, అది 'కాస్త పెరిగింది' అనిపించేంత. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. పది బై పన్నెండు అడుగుల గదికి ఒక్కో వైపు 15 వాట్లు చాలు. పన్నెండు వేలదే తీసుకోండి.

ప్రశ్న: 64 జీబీ పెన్‌డ్రైవ్ నిండా పాత పాటలు ఎక్కించాను. కంప్యూటర్‌లో బాగానే ఉంది, సిస్టమ్‌లో పెడితే 'నో డివైస్' అంటోంది. అంతకుముందు వాడిన 16 జీబీది పనిచేసేది కానీ పాటలు వరుస తప్పి వచ్చేవి. – వరంగల్

పాటల్లో తప్పేమీ లేదు, తేడా పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌లో, అంటే ఫైళ్లను అందులో పేర్చే పద్ధతిలో ఉంది. ఇలాంటి సిస్టమ్స్ చాలావరకు ఫ్యాట్32 పద్ధతినే చదువుతాయి. 32 జీబీ దాటినవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌లో అమ్ముతారు. విండోస్‌లోని మామూలు ఫార్మాట్ విండో కూడా చాలా కంప్యూటర్లలో 32 జీబీ పైన ఫ్యాట్32ని చూపించదు. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చేసుకోవచ్చు. ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే కాపీ తీసి పెట్టుకోండి. అంత శ్రమ ఎందుకనుకుంటే 32 జీబీది కొనుక్కోండి. 320 కేబీపీఎస్ నాణ్యతలో అయిదు నిమిషాల పాట 12 ఎంబీ. ఆ లెక్కన రెండున్నర వేల పాటలు పడతాయి. ఎన్ని ఫైళ్ల దాకా చదువుతుందో మాన్యువల్‌లో చూడండి, దానికీ హద్దు ఉంటుంది.

వరుస సంగతికొస్తే, చాలా సిస్టమ్స్ పేర్లను అక్షర క్రమంలో పేర్చవు. పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు కాపీ అయితే దాన్నే ముందు వాయిస్తాయి. ఖాళీ చేసి, ఒక్కో ఫోల్డర్‌నీ మీకు కావాల్సిన వరుసలో మళ్లీ కాపీ చేయండి. ఫైల్ పేర్లు తెలుగులో పెడితే తెర మీద గళ్లో ప్రశ్నార్థకాలో తప్ప ఏమీ కనిపించదు, ఆ తెరలకి మన లిపి రాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు 001, 002 అని అంకె వేసి పెట్టుకోవడం ఒక్కటే దారి. ఇన్నేళ్లయినా ఇది మారకపోవడం నాకూ చిరాకే.

ప్రశ్న: డాలస్‌లో ఉండే మా అబ్బాయి వాడిన స్టీరియో తెచ్చాడు. ఇక్కడ నేరుగా ప్లగ్‌లో పెట్టొచ్చా? – మియాపూర్, హైదరాబాద్

ఆగండి. ముందు వెనక పట్టీ చదవండి. '100–240 వోల్టులు' అని ఉంటే పిన్ మార్చే అడాప్టర్ చాలు. '120 వోల్టులు, 60 హెర్ట్జ్' అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకి పెట్టిన మరుక్షణం లోపలి ట్రాన్స్‌ఫార్మరో విద్యుత్ సరఫరా బోర్డో కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, సిస్టమ్ తీసుకునే వాట్లకి కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే చిన్న ట్రావెల్ కన్వర్టర్లు దీనికి పనికిరావు.

కరెంటు గండం గడిచాక ఎఫ్‌ఎం దగ్గర ఇంకో చిక్కు. అమెరికాలో స్టేషన్లన్నీ 88.1, 88.3, 88.5 ఇలా బేసి అంకెతో ముగుస్తాయి, అక్కడి రేడియోలు చాలావరకు ఆ మెట్ల మీదే ఆగుతాయి. కాబట్టి మీకు 98.3 మిర్చి, 93.5 రెడ్ ఎఫ్‌ఎం, 101.9 రెయిన్‌బో హాయిగా వస్తాయి. 102.8 వివిధ భారతి మాత్రం రాదు, 102.7లోనో 102.9లోనో పెడితే గరగరలాడుతూ వినిపిస్తుంది. మీడియం వేవ్ కూడా అంతే. మన దగ్గర 9 కిలోహెర్ట్జ్ మెట్లు, అక్కడ 10. 738 మీద ఆగమంటే 730లోనో 740లోనో ఆగుతుంది. కొన్ని మోడళ్లలో రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుంటే ఈ మెట్టు మారుతుంది. మాన్యువల్‌లో 'ట్యూనింగ్ స్టెప్' అన్న మాట వెతకండి. లేకపోతే ఫోన్‌లో ఆకాశవాణి యాప్ పెట్టుకుని బ్లూటూత్‌తో వినడమే.

సీడీలకి ఏ చిక్కూ లేదు, ఎక్కడివైనా ఆడతాయి. డీవీడీ కూడా ఉంటే, వాటికి ప్రాంతాన్ని బట్టి రీజియన్ అంకె ఉంటుంది, అమెరికాది 1, మనది 5. రీజియన్ తాళం వేసిన డిస్కులు ఆడవు.

ప్రశ్న: టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ వేశాను. కొన్ని ఛానళ్లకి శబ్దం వస్తోంది, ఓటీటీ సినిమాలకి రావడం లేదు. టీవీ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఆక్స్ వైరు వేస్తే అన్నీ వస్తున్నాయి గానీ సన్నగా 'బుమ్' అని హోరు, పైగా ఇరవై నిమిషాలకి సిస్టమ్ దానంతట అదే ఆగిపోతోంది. – రాజమండ్రి

ఓటీటీ సినిమాలు చాలావరకు డాల్బీ అనే శబ్ద పద్ధతిలో వస్తాయి, మీ చిన్న సిస్టమ్‌కి అది అర్థం కాదు. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో 'డిజిటల్ ఆడియో అవుట్‌పుట్' అన్న చోట ఆటో, బిట్‌స్ట్రీమ్ ఉంటే తీసేసి పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ శబ్దం) పెట్టండి, అన్నీ మోగుతాయి.

ఆక్స్‌లో వినిపించేది కరెంటు హోరు. టీవీ, సెట్‌టాప్ బాక్సు, స్టీరియో ఒకదానికొకటి వైర్లతో కలిసి, వేర్వేరు దారుల్లో ఎర్త్‌కి చేరినప్పుడు ఇలా జరుగుతుంది. సెట్‌టాప్ బాక్సు కేబుల్ ఒక్క నిమిషం ఊడదీసి చూడండి, హోరు పోతే దొంగ దొరికినట్టే. హోరు పోవాలని ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎవరు చెప్పినా తీయొద్దు. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుతురే, కరెంటు కాదు. పీసీఎం పెట్టి ఆప్టికల్‌లోనే ఉండిపోతే ఈ బాధే లేదు.

ఆగిపోవడం జబ్బు కాదు, విద్యుత్ ఆదా కోసం పెట్టిన ఆటో స్టాండ్‌బై. అయితే టీవీ హెడ్‌ఫోన్ వాల్యూమ్ బాగా తగ్గించి, స్టీరియోలో పెంచుకుని వింటుంటే, వచ్చే సంకేతం మరీ బలహీనమై పాట లేదనుకుని ఆగిపోతుంది. టీవీలో పెంచి స్టీరియోలో తగ్గించండి. అప్పటికీ ఆగితే మెనూలో ఆటో స్టాండ్‌బై ఆపేయండి.

ప్రశ్న: అర్ధరాత్రి మా సిస్టమ్ దానంతట అదే మోగింది! మేం పాట పెట్టలేదు. – కూకట్‌పల్లి

దెయ్యం కాదు, పక్క ఫ్లాట్ ఫోన్. బ్లూటూత్ పది మీటర్ల దాకా పోతుంది, గోడలు కొంత తగ్గిస్తాయంతే. చాలా సిస్టమ్స్ పిన్ అడగవు. ఎప్పుడో ఒకసారి వాళ్ల ఫోన్ జతై ఉంటుంది, 'బ్లూటూత్ స్టాండ్‌బై' ఆన్‌లో ఉంటే నిద్రపోతున్న సిస్టమ్‌ని కూడా లేపుతుంది. మెనూలో ఆ స్టాండ్‌బై ఆపండి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి పాత జతలన్నీ చెరిపేయండి. ఎఫ్‌ఎంలో దాచుకున్న స్టేషన్లు కూడా పోతాయి, ముందే కాగితం మీద రాసుకోండి.