నాట్ల పాటకు నల్లకోటు ఎందుకు?

ప్రశ్న: మాస్టారూ, మాది కోవూరు దగ్గర పల్లె. మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న నాట్ల పాటలు ఆరు రికార్డు చేయించాను. పోస్టర్ వేసినాయన నాకు నల్లకోటు తొడిగి, చేతిలో గిటారు పెట్టి, వెనక మంటలు పెట్టాడు. నాకు గిటారు రాదు. ‘ఇలా ఉంటేనే జనం ఫోన్‌లో పాట నొక్కుతారు’ అంటున్నాడు. మార్చమని అడగాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక గాయకుడు, కోవూరు మండలం

జవాబు: మార్పించు అబ్బయ్యా, పాటలు బయటికి రాకముందే. మంటలు చూసి నొక్కినవాడు హోరెత్తే సంగీతం కోసం వస్తాడు. నీ గొంతు వినగానే వెళ్లిపోతాడు. నాట్ల పాటంటే చెవి కోసుకునేవాళ్లేమో ఆ బొమ్మ దగ్గర ఆగనే ఆగరు.

ఒకప్పుడు గ్రామఫోన్ రికార్డులు బొమ్మలేని మట్టిరంగు అట్టల్లో వచ్చేవి. 1940 ప్రాంతంలో అమెరికాలో కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు వాటి మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి పాటకంటే ముందు అట్టే మాట్లాడుతోంది. మా ఇంట్లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి రికార్డు అట్టను మా అమ్మ దేవుడి గూట్లో పెట్టేది. ఆ బొట్టు, ముక్కుపుడకలు, తల్లో మల్లెపూలు చూస్తేనే అమ్మకు భక్తి కలిగేది.

క్యాసెట్ల కాలంలో నెల్లూరులో నేనూ అట్టలు వేశాను. ఒక హరికథ చెప్పే పెద్దావిడకు సినిమా తారలా వయసు తగ్గించి, రంగు పెంచి వేశాను. ఆమె చాలాసేపు చూసి, “ఇందులో నేనెక్కడున్నాను నాయనా?” అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇక నీ పోస్టర్. ఎల్పీ, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డు, అట్ట 12 అంగుళాలు, క్యాసెట్ అట్ట దాదాపు 4 అంగుళాలు. ఫోన్‌లో నీ బొమ్మ బొటనవేలి గోరంత. అందుకని ఒక్కటే విషయం చూపించు. పొద్దున్నే మడిలో నీళ్లు మెరిసేటప్పుడు ఫోటో తీయించు. మిట్టమధ్యాహ్నం వద్దు, కళ్ల కింద నీడలు పడతాయి. అమ్మమ్మ ఒప్పుకుంటే నారుకట్ట పట్టుకున్న ఆమె చెయ్యి, పక్కన నీ ముఖం చాలు. ఆరు పాటలకూ ఒకే రంగు, ఒకే రకం అక్షరాలు వాడితే రెండో పాటకే జనం నిన్ను గుర్తుపడతారు. పేరు మాత్రం లావుగా రాయించు. 1969లో ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ తమ ‘అబ్బే రోడ్’ రికార్డు ముందు అట్ట మీద బృందం పేరే వేయలేదు. అప్పటికే వాళ్ల ముఖాలు లోకానికి తెలుసు. నిన్ను ఇంకా తెలుసుకోవాలి.

పోస్టర్ వేసినాయనతో గొడవెందుకు? చేసిన పనికి డబ్బిచ్చెయ్. కొత్త ఫోటో చేతిలో పెట్టి, ముందు ఒక పాట పూర్తిగా వినిపించు. ఆయన ఇంతవరకూ వినలేదనే నాకనిపిస్తోంది.